కాలువలో ట్యాంకు కడిగితే...

అయ్యా,

కేసీ కాలువ కింద మాకు రెండెకరాల మొక్కజొన్న ఉంది. మొన్న కలుపు మందు కొట్టిన పిల్లోడు స్ప్రేయర్ ట్యాంకును పిల్ల కాలువలోనే ముంచి కడిగాడు. తెల్లటి నురగ కిందికి సాగిపోయింది. ‘ఏం కాదులేన్నా, పురుగు మందు కాదు కదా’ అన్నాడు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మేం కొట్టే అట్రజిన్ కిరణజన్య సంయోగక్రియను ఆపి కలుపును చంపుతుంది. నీళ్లలోని నాచు బతికేదీ ఆ క్రియతోనే. రాళ్ల మీద జారే పాచి ఉత్త మురికి కాదు. అందులో నాచు, బ్యాక్టీరియా కలిసి బతుకుతాయి. నీళ్లకు ఆక్సిజన్ ఇచ్చేదీ, నత్తలు గీకి తినేదీ అదే. గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపు మందుది వేరే దారి. అందులోని భాస్వరాన్ని కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు ఎరువులా వాడుకోగలవు. ఆ మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల (లైసెన్సు ఉండి మందు కొట్టేవాళ్ల) చేతే కొట్టించాలని 2022 అక్టోబరులో కేంద్రం ఆంక్ష పెట్టింది. మా ఊళ్లో అలాంటి ఆపరేటరును నేనింతవరకు చూడలేదు!

ట్యాంకు కడిగిన నీళ్లు చేలోనే పోయాలని రైతు సేవా కేంద్రాల్లో చెప్పాలి. కాలువ నీళ్లలో కలుపు మందులకూ పరీక్షలు చేయాలి.

– ఒక రైతు, కర్నూలు జిల్లా