డాన్స్ లేని రిసెప్షన్ గురించి చిన్నీకి

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఒక పక్క మీ అమ్మ, ఇంకో పక్క మీ బాబాయి, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతుంటే మధ్యలో నేను దూరడం ఈ ముప్ఫై ఏళ్లలో ఎప్పుడూ కుదరలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. "నాన్నా, డాన్స్ వద్దనుకుంటున్నాం, కానీ జనం బోర్ కొట్టి లేచిపోతారేమోనని టెన్షన్‌గా ఉంది" అన్నావు. మీ బాబాయి వెంటనే "డాన్స్ లేకపోతే అది రిసెప్షన్ ఏంటమ్మా, మీటింగ్ అవుతుంది" అనేశాడు. నువ్వు నవ్వేశావు గానీ ఆ మాట గుచ్చుకుందని నాకు తెలిసిపోయింది.

ఎందుకు వద్దనుకున్నారో ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. మీ ఇద్దరికీ ఇష్టం లేదు, అంతే. నలుగురిలో అడుగులు వేయమంటే నీకు చిన్నప్పటి నుంచీ చెమటలు పడతాయి, అబ్బాయి కూడా ఆ బాపతేనట. నాలుగు నిమిషాల పాట కోసం నెల రోజులు ప్రాక్టీసు చేసి, ఆ సాయంత్రమంతా భయంతో బిగుసుకుపోయి కూర్చోవడం ఎందుకు చెప్పు?

అలాగని డాన్స్ తీసేసి ఊరుకుంటే మాత్రం మీ బాబాయి అన్నదే అవుతుంది. రిటైరయ్యాక నాకు టైముకి కొదవ లేదు కదా, రాత్రంతా ఇదే ఆలోచించాను. డాన్స్ ఉన్నచోట అది చేసే పని ఏంటి? కుర్చీలకు అతుక్కుపోయినవాళ్లను లేపుతుంది. ముఖపరిచయం కూడా లేనివాళ్లను మాటలతో పని లేకుండా కలుపుతుంది. ఇంకొకటి, చివరి పాట అవగానే ఇక బయల్దేరొచ్చని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుస్తుంది. ఈ పనులు వేరేవాటికి అప్పజెప్పాలి, అంతే మన ప్లాను. దాని బదులు ఇంకో పెద్ద షో మాత్రం పెట్టకండి. మ్యాజిక్ అనీ, మిమిక్రీ అనీ కూర్చోబెట్టి చూపించేవన్నీ జనాన్ని కుర్చీలకు ఇంకా గట్టిగా అతికిస్తాయి.

అసలు విసుగు పుట్టించేది డాన్స్ లేకపోవడం కాదమ్మా, చేతిలో ఏ పనీ లేకుండా ఎదురుచూడటం. మా రిసెప్షన్‌లో నేనూ మీ అమ్మా ఒకచోట నిలబడ్డాం, జనం లైన్లో వచ్చి శుభాకాంక్షలు చెప్పి ఫోటో దిగి వెళ్లారు. నాతో పదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు ఎంతో దూరం నుంచి వచ్చి, ఆ లైన్లో గంటకు పైగా నిలబడి, నా చేయి పట్టుకుని ఏదో చెప్పబోతుంటే ఫ్లాష్ వెలిగింది, వెనకవాళ్లు ముందుకొచ్చారు. వాడేం చెప్పబోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. అంతా అయ్యాక చూస్తే వెళ్లిపోయాడు.

లెక్కల మాస్టారిని కదా, లెక్క వేసి చూపిస్తాను. 200 మంది వస్తారనుకుందాం. ఒక్కొక్కరికి అర నిమిషం ఇచ్చినా 100 నిమిషాలు. లైన్లో చివరివాడు అంతసేపూ ముందున్నవాడి వీపు చూస్తూ నిలబడాలి. అదే మీరిద్దరూ బల్లల దగ్గరికి వెళ్లారనుకో. ఐదడుగుల గుండ్రటి బల్ల చుట్టూ 8 మంది కూర్చోవచ్చు, అంటే 25 బల్లలు, ఒక్కో దగ్గర 3 నిమిషాలు, మొత్తం 75 నిమిషాలు. మిగిలింది 25 నిమిషాలే అనుకోకు. మీకోసం ఎవరూ ఆగిపోరు, తింటూ మాట్లాడుకుంటూ ఉంటారు, మీరు వచ్చినప్పుడు పలకరిస్తారు. ఆరడుగుల బల్లలు వేసి 10 మందిని కూర్చోబెడదామని హాలువాళ్లు అంటారు, ఒప్పుకోకు. అంత వెడల్పు బల్లకి అటుపక్కవాళ్ల మాట ఇటు వినపడదు, పక్కనున్న ఇద్దరితోనే గడిపేయాల్సి వస్తుంది.

ఇక సౌండు. దీని మీద మాత్రం నా మాట వినాలి. డాన్స్ వద్దనుకున్నాక కూడా డాన్స్‌కి పెట్టినంత సౌండు పెట్టించుకున్నవాళ్లను చూశాను, అది రెండు విధాలా నష్టం. మామూలుగా మనం మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. చుట్టూ గోల పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. లోంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు 1911లో దీని గురించి రాశాడు, ఆయన పేరే ఈ అలవాటుకు పెట్టారు. ఒక బల్ల వాళ్లు గొంతు పెంచితే పక్క బల్ల వాళ్లు ఇంకాస్త పెంచుతారు, కాసేపటికి హాలంతా సంతలా తయారవుతుంది. నా క్లాసులో రోజూ జరిగేది ఇదే, అది వేరే కథ. అందుకే ముందు వైపు రెండు పెద్ద స్పీకర్లు పెట్టించకండి. వెనకవాళ్లకి వినపడాలని సౌండు పెంచుతారు, ముందు కూర్చున్న పెద్దవాళ్ల చెవులు పగిలిపోతాయి. చిన్న స్పీకర్లు నాలుగైదు హాలంతా సర్ది, వాయిద్య సంగీతం మెల్లగా వేయించండి. పాటల్లో మాటలుంటే చెవి అటు లాగేస్తుంది.

హాలు మధ్యలో ఖాళీ స్థలం అస్సలు వదలొద్దు. నున్నగా మెరిసే ఖాళీ చోటు కనపడిందంటే అందరూ "ఇక్కడ ఇంకా ఏదో జరగాలి" అని చూస్తూనే ఉంటారు. అక్కడ బల్లలు వేయండి, కాకపోతే సోఫాలు. "డాన్స్ లేదు" అని మైకులో చెప్పకండి, కార్డు మీద రాయకండి. లేదని చెబితేనే కదా లేని సంగతి గుర్తొచ్చేది. పిల్లలు ఎక్కడో మూల గెంతుతుంటే గెంతనివ్వండి, మీ బాబాయి కూడా వాళ్లతో కలిస్తే కలవనివ్వండి.

ఆటల గురించి మీ అమ్మ హౌసీ అంటోంది. నాకు నచ్చలేదు. 90 అంకెలు ఒక్కొక్కటే పిలుస్తుంటే అందరూ తల వంచుకుని టికెట్లు చూసుకోవడమే సరిపోతుంది, పెళ్లికొచ్చి పరీక్ష రాసినట్టు ఉంటుంది. దాన్నే మార్చి ఆడొచ్చు. అంకెల బదులు 16 గళ్లలో మనుషుల గురించి రాయండి. పెళ్లికూతురు బడిలో ఏడవడం చూసినవాళ్లు, పెళ్లికొడుకు చేతి వంట తిని బతికి బయటపడ్డవాళ్లు, ఈ ఏడాది తాతయ్య అయినవాళ్లు, ఇలాగ. ఒక్కో గడికి తగిన మనిషిని వెతికి సంతకం పెట్టించుకోవాలి. ఇక కుర్చీలో ఎవరూ కూర్చోరు, రెండు వైపులవాళ్లూ వాళ్లంతట వాళ్లే కలుస్తారు. డాన్స్ చేసే పని అదే కదా!

నాకు బాగా ఇష్టమైనది ఇంకొకటి ఉంది, పుట్టినరోజుల ఆట. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వాళ్లలో ఏ ఇద్దరి పుట్టినరోజైనా ఒకే తేదీన పడటానికి సగానికి పైగా అవకాశం ఉంటుంది. నమ్మబుద్ధి కాదు కదూ! 23 మందిలో జతలు 253, అదీ కిటుకు. 200 మంది ఉంటే సుమారు 84 మందికి తమ పుట్టినరోజు పంచుకునేవాళ్లు ఆ హాల్లోనే దొరుకుతారు. మైకులో నెల పిలవాలి, ఆ నెలవాళ్లు లేచి నిలబడి తేదీలు చెప్పుకుని జత వెతుక్కోవాలి, దొరికినవాళ్లకి కలిపి ఒక ఫోటో. ముక్కూమొహం తెలియని ఇద్దరు "మీదీ ఆ రోజేనా" అనుకుంటూ మాటల్లో పడటం చూడటానికే సరదాగా ఉంటుంది.

ఆ ఫోటోలకు అప్పటికప్పుడు కాగితం మీద వచ్చే కెమెరా తీసుకోండి, ఇన్‌స్టాక్స్ లాంటిది. ఒక ప్యాకెట్లో 10 ఫిల్ములు వస్తాయి, బొమ్మ తేలడానికి నిమిషంన్నర పడుతుంది, విసనకర్రలా ఊపొద్దని చెప్పండి. జత దొరకనివాళ్లకి కూడా ఫోటో తీయాలి కదా, 200 మందికి ఇద్దరికి ఒకటి చొప్పున లెక్కేసినా 10 ప్యాకెట్లు కావాలి, ఇంకో రెండు చేతిలో ఉంచుకోండి. ఫోటో ఆల్బంలో అంటించి పక్కన వాళ్ల చేతే ఓ మాట రాయించండి.

అన్నీ లేచి తిరిగే ఆటలే పెడితే మీ పెదనాన్న లాంటివాళ్ల గతేంటి? మొహమాటపడేవాళ్లకి ఏదో ఒకటి చేతులతో చేసే పని ఉండాలి. ఒక మూల మీ ఇద్దరి ఫోటోతో 500 ముక్కల జిగ్‌సా పెట్టండి, ఎవరో ఒకరు రెండు ముక్కలు పెట్టి వెళ్తుంటారు, మాట్లాడాల్సిన పని లేకుండా పక్కపక్కన నిలబడతారు. (కొత్త అల్లుడి ముక్కు ముక్క తప్పకుండా పోతుంది, రాసిపెట్టుకో.) పక్కన చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆడే జెంగా పెట్టి, దాని 54 ముక్కల మీద మీకు చెప్పాలనుకున్నది రాయమనండి. తర్వాత ఇంట్లో మీరిద్దరూ ఆడుకుంటున్నప్పుడల్లా ఎవరిదో ఒకరి మాట చేతికొస్తుంది.

చెప్పుల ఆట నువ్వు చెప్పావు కదా, వీపులు ఆనించి కూర్చుని ఇద్దరూ ఒక్కో చెప్పు మార్చుకుని, ప్రశ్నకు జవాబుగా ఎవరి చెప్పు ఎత్తాలో ఎత్తడం. బాగుంటుంది, అడుగులు వేయకుండానే అందరి కళ్లూ మీ మీద ఉంటాయి. 15 ప్రశ్నలు చాలు. వాటిని ముందే ఒకరు చూసి వడపోయాలి. డబ్బు గురించీ, పాత సంగతుల గురించీ, పిల్లలెప్పుడనీ అడిగేవి తీసేయండి. ఆ వడపోత మీ బాబాయికి మాత్రం ఇవ్వకు.

ప్రసంగాలు ముగ్గురికి మించి వద్దు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఆ ముగ్గురిలో నేనున్నాను. మీ అమ్మ వాచీ పట్టుకుని నిలబడతానంది, నిలబడనీ.

టైము సంగతి కూడా ముందే తేల్చుకోండి. డాన్స్ ఉంటే నాలుగైదు గంటలైనా సాగుతుంది, లేకపోతే రెండున్నర గంటలు చాలు. కార్డు మీద మొదలయ్యే టైముతో పాటు ముగిసే టైము కూడా వేయించండి, సాయంత్రం 6:30 నుంచి 9:00 వరకు అని. చివర్లో 8:45కి అందర్నీ ఒకచోట చేర్చి ఫోటోగ్రాఫరుని నిచ్చెన ఎక్కించి పైనుంచి ఒకే ఒక్క ఫోటో తీయించండి. మూలల్లో ఉన్నవాళ్లు కూడా కదిలి వస్తారు, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుంటారు, ఫోటో అయ్యాక ఎలాగూ లేచే ఉన్నారు కాబట్టి అలాగే బయల్దేరతారు. చివరి పాట లేని లోటు తెలియదు.

వచ్చేవాళ్ల పుట్టినరోజుల లిస్టు అబ్బాయి వాళ్ల నాన్నగారు పంపారు, ఆట ముందే పాడవకుండా నా దగ్గరే దాచాను. కానీ ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఏ ఇద్దరిదో కలవడానికి 23 మంది చాలు గానీ, సరిగ్గా నీ తేదీనే పుట్టినవాళ్లు దొరకాలంటే సగం అవకాశానికే 253 మంది కావాలి. మన లిస్టులో ఉన్నది 200 మంది. అయినా నీకు జత దొరికింది, వాళ్ల వైపు నుంచే. ఎవరో చెప్పను, ఎన్ని సార్లు ఫోన్ చేసినా చెప్పను. మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నాన్న