ఆనపకాయ కాసిందిరా మావా!

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మావా,

జవాబు ఆలస్యమైంది, క్షమించు. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయి, చెల్లి పరీక్షలు అయిపోయాయి, నాకు అదే ఆఫీసు, అదే బస్సు. కబుర్లింతే. అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బిపోయేలా ఉంది. మన మేడమీద ఆనపకాయ కాసింది!

వేసవిలో నువ్వొచ్చినప్పుడు పాత పెయింటు బకెట్లకి కన్నాలు పెట్టి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాం కదా, అందులోదే. తొలకరికి గింజ పెడితే పందిరంతా అల్లుకుంది. పూత చూస్తే విరగబూసింది. కానీ పిందె పడటం, బొటనవేలంత కాకుండానే పసుపెక్కి రాలిపోవడం! పొద్దున్నే వాటిని ఏరుతుంటే ఏడుపొచ్చేదిరా. పక్కింటావిడ దిష్టి అంది. ఎరువుల కొట్టాయన ఏదో మందు సీసా చేతిలో పెట్టబోయాడు. రెండూ నమ్మబుద్ధి కాలేదు.

రైతుబజారులో ఆకుకూరలమ్మే మామ్మ లేదూ, నిన్ను ‘గోంగూర బాబూ’ అంటుంది (ఆ పేరెందుకొచ్చిందో రాయనులే, ఉత్తరం మీ ఆవిడ కూడా చదువుతుంది), ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. "అంత ఎత్తుకి పురుగులెక్కడొస్తాయి బాబూ? పొద్దుగూకే వేళ మగపువ్వు కోసి నువ్వే ఆడపువ్వుకి అద్దు."

అంతేరా! ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుని మర్నాటికి వాడిపోతుంది. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు పుప్పొడి మోసుకురావాలి. అవి మన మేడమీదకి రాకపోతే పిందె నిలవదు. బీర కూడా సాయంత్రమే. కాకర, దోస, గుమ్మడికైతే పొద్దున్నే చెయ్యాలి.

ఆ సాయంత్రమే మేడెక్కా. మగపువ్వుకి సన్నటి పొడుగు కాడ తప్ప ఇంకేం ఉండదు. ఆడపువ్వు కింద నూగుతో బుల్లి కాయ అప్పటికే ఉంటుంది. మగపువ్వు కోసి, తెల్ల రేకులు వెనక్కి విరిచి, మధ్యనున్న పసుప్పచ్చ బొడిపె వేలితో తాకితే పుప్పొడి పసుపు రాసినట్టు అంటుకుంది. దాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా తిప్పా. ఒక్క మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకి సరిపోతుంది. రెండు రోజులు నిద్ర పడితే ఒట్టు! తర్వాత చూద్దును కదా, పిందె పసుపెక్కలేదు, కాడ గట్టిపడి కిందికి వంగింది, నిగనిగలాడుతోంది. మావా, అక్కడే కేక పెట్టా. కిందనుంచి అమ్మ పడిపోయాననుకుని కంగారుపడింది.

పండు ఈగ పిందెలోకి గుచ్చి గుడ్లు పెడుతుంది, అందుకని పల్చటి గుడ్డ సంచి కట్టా. పిందె పడ్డ రెండు వారాల్లో కోసెయ్యాలి, గోరు సులువుగా దిగాలి. ముదిరితే గింజకే పనికొస్తుంది. నిన్న మొదటి కాయ కోస్తే అమ్మ పాలు పోసి కూర చేసింది. నాన్న ఉంటే ఆ కాయ పట్టుకుని వీధి వీధంతా చూపించేవారు. కూర వడ్డిస్తూ అమ్మ కూడా ఒక్క క్షణం... సర్లే.

ఒకటి మాత్రం మర్చిపోకు. కాయ కోశాక చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడు, చేదనిపిస్తే ఉమ్మేసి మొత్తం పారెయ్. ఉడికించినా ఆ చేదు పోదు, ఆసుపత్రి పాలవుతాం. పచ్చికాయ రసం తాగేవాళ్ళకైతే మరీ ప్రమాదం. మీ బాబాయికి గట్టిగా చెప్పు, రోజూ పొద్దున్నే తాగుతారు కదా.

ఈ కవర్లో బీర గింజలు పెట్టా. రాత్రి నానబెట్టి పొద్దున్న నాటు. తీగ పందిరెక్కగానే కొస తుంచెయ్, పక్క కొమ్మలొస్తాయి, ఆడపూలు వాటిమీదే ఎక్కువ. ఆకులకి పేనుబంక పడితే లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ చెయ్, ఎండలో చేస్తే ఆకు మాడుతుంది. ఇంకా బెండ సంగతి, ఆ తెల్లదోమ

అమ్మ పిలుస్తోంది, గ్యాస్ బండ వచ్చిందట. మిగతాది తర్వాత రాస్తా.

నీ మావ