డ్రాఫ్ట్ తప్పులన్నిటినీ ఒకే గాటన కట్టవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ క్రీడా పుటలో, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ చరిత్రలోని ఘోర తప్పిదాలంటూ వేసిన వ్యాసాన్ని, ఉన్నత పాఠశాలల్లో మూడు దశాబ్దాలు బాస్కెట్‌బాల్ నేర్పిన వ్యాయామోపాధ్యాయుడిగా శ్రద్ధగా చదివాను. పేర్లలోగానీ సంవత్సరాల్లోగానీ పొరపాటు లేదు. శామ్ బోవీ, గ్రెగ్ ఓడెన్, డార్కో మిలిచిచ్, మార్విన్ బ్యాగ్లీ అనే నలుగురినీ ఒకే గాటన కట్టి, వారిని ఎంచుకున్న యాజమాన్యాలన్నిటికీ కళ్లు లేవని తేల్చివేయడమే నాకు నచ్చలేదు.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన మన పాఠకులకు ముందుగా ఒక తేడా చెప్పి ఉండవలసింది. వేలంలో సొమ్మున్న జట్టు తనకు కావలసినవాణ్ని పాడుకుంటుంది. డ్రాఫ్ట్‌లో వంతు వచ్చేదాకా ఆగి, అప్పటికి మిగిలినవారిలో ఒకరిని తీసుకోవాలి, అదీ సాధారణంగా ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న కుర్రవాణ్ని. అందుచేత అటువంటి నిర్ణయాన్ని తూచేటప్పుడు, ఆ రాత్రి ఆ గదిలో కూర్చున్నవారికి ఏం తెలుసు, ఏం తెలుసుకునే వీలుంది అని అడగాలి గానీ, ఇరవై ఏళ్ల తర్వాత మనకు తెలిసినదాన్ని పట్టుకుని వారిని వెక్కిరించకూడదు.

1984లో పోర్ట్‌లాండ్ జట్టు రెండో ఎంపికగా బోవీని తీసుకుని మైకేల్ జోర్డన్‌ను షికాగోకు వదిలేసింది. అయితే జోర్డన్ ఆడే స్థానంలో ఆడగల క్లైడ్ డ్రెక్స్‌లర్‌ను ఆ జట్టు అంతకుముందు ఏడాదే తెచ్చుకుంది; దానికి కావలసింది సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడగరి. మొదటి వంతు వచ్చిన హ్యూస్టన్ తీసుకున్నది కూడా హకీమ్ ఒలాజువాన్ అనే సెంటర్‌నే గానీ జోర్డన్‌ను కాదు, దాన్ని తప్పుపట్టేవారు అరుదు. పోర్ట్‌లాండ్‌ను నిలదీయవలసింది కాలి విషయంలో. ఎముక గాయంతో కెంటకీ విశ్వవిద్యాలయంలో రెండు సీజన్లు పూర్తిగా ఆటకు దూరమైనవాడు బోవీ. వైద్యులు చిన్న సుత్తితో కాలి మీద తట్టి చూసినప్పుడు లోపల నొప్పి పుడుతున్నా ఏమీ లేదన్నానని చాలా ఏళ్ల తర్వాత అతడే చెప్పుకున్నాడు. జీవితమంతా ఆ ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఉన్నప్పుడు ఇరవై మూడేళ్లవాడు మరేం చెబుతాడు? ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చో ఆలోచించవలసిన బాధ్యత అడిగినవారిదే.

ఓడెన్ సంగతి వేరు. 2007లో అదే పోర్ట్‌లాండ్, తర్వాత మేటి ఆటగాడైన కెవిన్ డ్యురాంట్ కంటే ముందు అతణ్ని తీసుకున్నప్పుడు కాదన్నవారు కొద్దిమందే. ఓహయో స్టేట్‌ను జాతీయ ఫైనల్ దాకా నడిపించిన సెంటర్ అతడు. తొలి మ్యాచ్ ఆడకముందే మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. లీగ్ దశలో మొత్తం మీద 105 మ్యాచ్‌లే ఆడగలిగాడు. దాన్ని దురదృష్టం అనవచ్చు, తెలివితక్కువతనం అనలేము. డ్రాఫ్ట్‌కు ముందు జరిగే శారీరక పరీక్షల్లో ఆ ఏడాది డ్యురాంట్ 185 పౌండ్ల బరువును పడుకుని ఒక్కసారైనా పైకెత్తలేకపోయాడు. సియాటెల్ ఆ అంకెను పట్టించుకోకుండా అతణ్ని తీసుకుంది.

2003లో లెబ్రాన్ జేమ్స్ తర్వాత రెండో వంతు డెట్రాయిట్‌ది. తర్వాత తారలైన కార్మెలో ఆంథోనీ, క్రిస్ బోష్, డ్వేన్ వేడ్ ముగ్గురూ ఇంకా మిగిలే ఉండగా ఆ జట్టు పద్దెనిమిదేళ్ల మిలిచిచ్‌ను ఎంచుకుంది. మరుసటి ఏడాదే ఛాంపియన్ కాగలిగినంత బలమైన జట్టులో పచ్చి కుర్రవాడికి ఆడే అవకాశమే దొరకలేదు. ఇక్కడ ఎంపిక ఎంత తప్పో, ఎంచుకున్నాక పెంచిన తీరూ అంత తప్పు. మీ వ్యాసం ఈ రెండోదాని జోలికే పోలేదు.

నా దృష్టిలో క్షమించరానిది 2018 నాటి నిర్ణయం. లూకా డాన్సిచ్ అప్పటికి పంతొమ్మిదేళ్లవాడు. అయినా పెద్దవాళ్ల మధ్య రియల్ మాడ్రిడ్ తరఫున యూరప్ క్లబ్బుల అగ్రశ్రేణి పోటీ యూరోలీగ్ గెలిచి, ఆ సీజన్‌కు అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. అమెరికా కళాశాల పోటీల కంటే ఆ లీగ్ ఎంతో కఠినమైనది. అంటే అంచనా వేయవలసిన పని సగం అతడే ముందుగా చేసిపెట్టాడు. మొదటి వంతు వచ్చిన ఫీనిక్స్‌కు కొత్తగా వచ్చిన కోచ్ ఇగోర్ కొకోష్కోవ్, ఏడాది క్రితమే స్లొవేనియాను యూరప్ విజేతగా నిలిపినప్పుడు ఆ జట్టులో డాన్సిచ్ ఆడాడు. ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఏ జట్టుకు దొరుకుతుంది? అయినా ఫీనిక్స్ డియాండ్రే ఐటన్‌ను, శాక్రమెంటో బ్యాగ్లీని తీసుకున్నాయి. మూడో వంతులో అట్లాంటా ఎంచుకున్న డాన్సిచ్, ట్రే యంగ్‌తో మార్పిడిలో డల్లాస్‌కు దక్కి, 2024లో ఆ జట్టును ఫైనల్‌కు చేర్చాడు. ఐటన్ తీసిపారేయదగ్గవాడేమీ కాదు, 2021లో ఫీనిక్స్ ఫైనల్ ఆడటంలో అతడికీ పాలుంది. కానీ డాన్సిచ్ వేగం చాలదని, ఎగరలేడని వినిపించిన మాటలు కొలమానాలను నమ్మి ఆటను నమ్మకపోవడం వల్ల వచ్చినవే. నేనూ పిల్లలను ఎత్తు వారీగా నిలబెట్టి జట్టు కట్టినవాణ్నే గనుక ఈ జబ్బు నాకు తెలుసు. నేను వరుస చివర నుంచి ఇంటికి పంపేసిన ఒక పొట్టి కుర్రవాడు మరుసటి ఏడాది పక్క ఊరి బడి తరఫున మామీదే ఆడి మమ్మల్ని ఓడించాడు.

తప్పుల విషయంలో ఎంత నిదానం కావాలో పొగడ్తల విషయంలోనూ అంతే కావాలి. 2014లో నికోలా యోకిచ్‌ను 41వ ఎంపికగా పట్టుకున్న డెన్వర్‌ను దూరదృష్టికి మారుపేరుగా మీరు వర్ణించారు. అదే డ్రాఫ్ట్‌లో డెన్వర్ తనకంటూ ముందుగా తెచ్చుకున్న సెంటర్ యూసుఫ్ నుర్కిచ్, 16వ ఎంపిక. యోకిచ్ మూడుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడు అవుతాడని తెలిసిన జట్టు 41వ వంతుదాకా ఆగుతుందా? ఆ జట్టు గొప్పతనం తర్వాత కనబడింది: అతణ్ని ఇంకో ఏడాది సెర్బియాలోనే ఆడనిచ్చింది, 2017లో నుర్కిచ్‌ను పోర్ట్‌లాండ్‌కు పంపి దారి ఖాళీ చేసింది.

ఇక మనవాడి సంగతి. 2015లో పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్‌ను డల్లాస్ 52వ ఎంపికగా తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు అతడే. రెండో రౌండ్‌లో పేరు పిలిచినంత మాత్రాన జట్టులో చోటు ఖాయం కాదన్న సంగతి ఆనాటి సంబరాల మధ్య మన పత్రికలు నొక్కి చెప్పలేదు. అనుబంధ లీగ్‌లో ఆడి, ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే అతడు వెనుదిరిగినప్పుడు పిల్లవాడు విఫలమయ్యాడని రాశాయి. ఏడడుగుల రెండంగుళాల ఎత్తు మీద వేసిన చిన్న పందెమది, 52వ స్థానంలో అలాంటివి సహజం.

మీకు నా విన్నపం ఒకటే. మొదటి రౌండ్ ఆటగాడి తొలి ఒప్పందం గరిష్ఠంగా నాలుగేళ్లు నడుస్తుంది కాబట్టి, డ్రాఫ్ట్ మర్నాడే జట్లకు మార్కులు వేసే బదులు, ఏటా జూన్‌లో నాలుగేళ్ల కిందటి డ్రాఫ్ట్‌ను తీసుకుని, ఆనాడు ఏ జట్టుకు ఏం తెలుసో పక్కనే రాస్తూ సమీక్షించండి. మొదటి వంతు ఎవరిదో తేల్చే లాటరీలో 1.8 శాతం అవకాశంతో మొదటి వంతు తగిలి 2025లో డల్లాస్ తెచ్చుకున్న కూపర్ ఫ్లాగ్ గురించి, డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉంటున్న మా మనవడు ఇప్పటికే తీర్పు చెప్పేశాడు. నేను మాత్రం 2029 దాకా ఆగుతానని వాడికి చెప్పాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
తెనాలి.