బుజ్జమ్మకు, ఫారం డిజైన్ చేసే ముందు

బుజ్జమ్మా,

కొత్త సైట్‌లో ఫారాల పనంతా నీకే అప్పజెప్పారని అమ్మ చెప్పింది, చాలా సంతోషమేసింది. కావలిలో మన నెట్ సెంటర్‌కి వచ్చేవాళ్లు ఎక్కడెక్కడ ఆగిపోతారో రోజూ చూస్తుంటాను కాబట్టి కొన్ని సంగతులు రాస్తున్నా.

పుట్టిన తేదీకి క్యాలెండర్ పెట్టకు. 1958లో పుట్టిన రైతు ఒక్కో నెలా వెనక్కి నొక్కుకుంటూ ఎంత దూరం పోతాడు? రోజు, నెల, సంవత్సరం అని మూడు గడులు ఇచ్చెయ్, బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ సిస్టమ్ కూడా బాగా గుర్తుండే తేదీలకు ఇదే ప్యాటర్న్ చెబుతుంది. క్యాలెండర్ బస్ టికెట్ బుకింగ్‌కి బాగుంటుంది, అక్కడ వచ్చే శుక్రవారం ఏ తేదీనో చూసుకోవాలి కదా.

ఆధార్ కార్డు మీద అంకెలు నాలుగేసి చొప్పున ఉంటాయి, జనం అలాగే చదువుతారు, మధ్యలో ఖాళీ వదిలి అలాగే కొడతారు. దానికి ఎర్రగా 'ఇన్‌వ్యాలిడ్' అని చూపించడం ఎందుకు, ఆ ఖాళీలు తీసేయడానికి నీకు ఒక్క లైను కోడ్ చాలు. ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరం కొట్టినా ఒప్పుకోవాలి, మనవైపు చాలామందికి కార్డులో ఉండేదే ఇనిషియల్.

అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లు కొట్టింది పోకూడదు. మొన్న అల్లూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఓటీపీ ఏమో కొడుకు ఫోన్‌కి వెళ్లింది, అతను రొయ్యల గుంట దగ్గర పనిలో ఉండి ఫోన్ ఎత్తలేదు, ఈలోపు సెషన్ టైం అయిపోయి నింపిన రెండు పేజీలూ ఖాళీ. "నేనేమన్నా తప్పు చేశానా నాయనా" అని అడిగింది నన్ను. అందుకే ప్రతి గడీ నింపగానే డ్రాఫ్ట్‌గా సేవ్ అయ్యేలా పెట్టు. టైం అయిపోయే ముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని డబ్ల్యూసీఏజీలో, అదే వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే మార్గదర్శకాల్లో ఉంది, కానీ ఆవిడకి 20 సెకన్లు ఏ మూలకి? నువ్వు రెండు నిమిషాలివ్వు.

ఇంకోటి, అడక్కుండా బిల్లులో ఏదైనా కలిపే పని నీకు చెబితే కుదరదను. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్స్‌లో, అంటే జనాన్ని మోసపుచ్చే డిజైన్ ఎత్తుల్లో, అదీ ఉంది.

టెస్ట్ లింక్ రెడీ కాగానే పంపు. సెంటర్‌కి వచ్చేవాళ్లలో ఇష్టమున్న వాళ్ల చేత, వాళ్ల ఫోన్లలోనే నింపించి, ఎవరెక్కడ ఆగారో రాసి పంపిస్తా. అసలు ఆధార్ నంబర్లు మాత్రం కొట్టించను, ఉత్తుత్తి నంబర్లు నువ్వే పంపించు.

నాన్న