జూన్ 18న షాపు తెరుస్తున్నా, మునుపటంత పని మాత్రం పట్టుకోను

అక్కలకు, వదినలకు, చెల్లెళ్లకు నమస్తే. అనంతపురం సాయినగర్‌లోని మన టైలరింగ్ షాపు జూన్ 18, గురువారం ఉదయం పదిన్నరకు తెరుస్తున్నా. పాప పుట్టే ముందు దించిన షట్టర్ అది. మూడు నెలల్లో వచ్చేస్తానని అప్పుడు మీలో చాలామందికి చెప్పాను. పాపకు ఇప్పుడు తొమ్మిదో నెల. మధ్యలో ఫోన్ చేసినవాళ్లకు తలా ఒక ముక్క చెప్పాను, కొందరి ఫోన్లయితే ఎత్తనే లేదు. ఆ టైంలో ఏం చెప్పాలో నాకే తెలియలేదు. అందుకే ఏం జరిగింది, ఇకమీద ఏ పని చేయగలను, ఏది చేయలేను అన్నది అందరికీ ఒకేసారి రాస్తున్నా.

కాన్పుకు ముందు నేను వేసుకున్న లెక్క అంతా మా అత్త మీద ఆధారపడింది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, చిన్నపిల్లల వెంట తిరగలేదు. అత్త తాడిపత్రి దగ్గర ఊర్నుంచి వచ్చి మాతోనే ఉండి పాపను చూసుకుంటుంది, నేను షాపుకు పోతాను. అంతా మాట్లాడుకున్నాం, ఆమె సంచి సర్దుకుని వచ్చేసింది కూడా. కార్తీకంలో ఒకరోజు ఊళ్లో మా మామ నిద్ర లేచేసరికి కుడిచెయ్యి పైకి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. చలికి పట్టేసిందేమో అన్నారు ఒకరు. పసరు పోయిద్దాం అన్నారు ఇంకొకరు. అనంతపురం ఆస్పత్రికి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మెదడులో రక్తం గడ్డ కట్టి వచ్చే పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఒకటి ఉందట, పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపే దాన్ని వేయాలి. ఆ గంటలు మా చేతిలోంచి ఎప్పుడో పోయాయి. షాపు సంగతికి సంబంధం లేకపోయినా ఇది చెప్పాల్సిందే: ఇంట్లో ఎవరికైనా మూతి ఒకపక్కకు పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఎవరి సలహా అడగొద్దు, 108కి ఫోన్ చేయండి.

మామ బతికాడు, దేవుడి దయ. ఇప్పుడు కర్ర పట్టుకుని వసారా దాకా వస్తాడు. మాట కొంచెం కొంచెం తిరుగుతోంది. కానీ ఆయనకు స్నానం, తిండి, మందులు, ఫిజియోథెరపీ అన్నీ అత్తే చూసుకోవాలి. ఆమె ఊరికి పోయింది. పోక తప్పదు, నేను ఉండమనలేను కూడా. ఆస్పత్రి ఖర్చులకు చేసిన అప్పు తీరాలంటే ఇక్కడి జీతం చాలదని మా ఆయన సంక్రాంతి తర్వాత బెంగళూరులో పనికి చేరాడు. శనివారం రాత్రి వస్తాడు, ఆదివారం రాత్రి పోతాడు. మీకు బ్లౌజులు స్కూటీ మీద తెచ్చి ఇచ్చింది ఆయనే, షాపు లెక్కలు రాసిందీ ఆయనే. చంకలో పాప, వెంట నడిచే పెద్దమ్మాయి, ఊళ్లో మామ, బెంగళూరులో మొగుడు. షాపు బాడుగ మాత్రం నెల నెలా కడుతూనే వచ్చాం. వదిలేస్తే మళ్లీ ఆ రోడ్డులో ఆ బాడుగకు దొరకదు.

'ఇంట్లోనే ఒక మిషన్ వేసుకోవచ్చు కదమ్మా, పాప పక్కన ఆడుకుంటూ ఉంటుంది' అని మీలో చాలామంది ప్రేమతోనే అన్నారు. పాప ఉయ్యాలలో ఉన్నన్నాళ్లు నేనూ అదే అనుకున్నాను, కొన్ని ఫాల్స్ కుట్టాను కూడా. ఎప్పుడైతే పాకడం మొదలుపెట్టిందో అప్పుడే ఆపేశాను. మగ్గం వర్క్ చేసే ఇంట్లో ఏముంటాయో మీరు చూడలేదు, నేను చూశాను. ముత్యాల పూసలు, కుందన్ రాళ్లు, జర్దోసీ ముక్కలు, విరిగిన సూది మొనలు, హుక్కులు. ఎంత ఊడ్చినా చాప సందులో ఒకటి మిగులుతుంది. ఎనిమిది తొమ్మిది నెలల పిల్లలు బొటనవేలు, చూపుడువేలు కలిపి బియ్యపు గింజను కూడా ఎత్తగలరు, ఎత్తింది నేరుగా నోట్లోకే పోతుంది. పెద్దవాళ్లు చూడలేని పూస వాళ్లకు ముందు కనిపిస్తుంది. అది గొంతులో కాకుండా శ్వాసనాళంలో ఇరుక్కుంటే మనకు దొరికేది నిమిషాలే. ఇక పెద్దది ఉంది, మిషన్ చక్రం తిప్పడం అంటే దానికి ఎక్కడలేని సరదా. వీళ్లిద్దరి మధ్య మీ ధర్మవరం పట్టుచీర మడత విప్పి పెట్టి, దాని మీద రాగిజావ పడితే ఆ చీర ఖరీదు నేను ఏ జన్మలో కట్టాలి? రాత్రి పిల్లలు పడుకున్నాక కుట్టుకోమన్నవాళ్లూ ఉన్నారు. నిద్రమత్తులో కత్తెర పట్టి కొత్త గుడ్డ కోయమంటారా!

ఉద్యోగాలు చేసే నా స్నేహితురాళ్లు 'లీవ్ ఎన్నాళ్లు తీసుకున్నావు' అని అడుగుతుంటారు. ప్రసూతి సెలవుల చట్టం 1961లోనే వచ్చింది. 2017లో దాన్ని సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు, జీతంతో. యాభైమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల్ని చూసే క్రెష్ కూడా ఉండాలన్నారు. మంచి చట్టం. కానీ షాపులకు ఆ సెలవు వర్తించాలంటే కనీసం పదిమంది పనివాళ్లుండాలి. మన షాపులో కటింగ్ మాస్టర్‌ను కలిపినా మేం నలుగురమే. సొంతంగా మిషన్ తొక్కుకునేదానికి సెలవిచ్చేవాళ్లు ఎవరుంటారు? నన్ను ఎక్కువ బాధపెట్టింది నా సంగతి కాదు, నా దగ్గర కుట్టే ఇద్దరు అమ్మాయిల సంగతి. షట్టర్ దించితే వాళ్ల కూలీ కూడా ఆగిపోతుంది. ఫాల్, జిగ్‌జాగ్, కుచ్చులు, పాత బ్లౌజుల కుట్లు విప్పడం లాంటి చిల్లర పనులు వాళ్లిళ్లకు పంపించాను. ఒక మిషన్ కూడా ఒకామె ఇంట్లో పెట్టించాను. అది పూర్తి జీతం కాదు, వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇద్దరూ తిరిగి వస్తున్నారు. కటింగ్ మాస్టర్ మాత్రం వేరే బొటిక్‌లో కుదిరిపోయాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకూ పిల్లలున్నారు. ఇకనుంచి కటింగ్ మొత్తం నాదే.

పిల్లల ఏర్పాటు గురించి కూడా చెబుతా, ఎందుకంటే షాపు టైం దాన్నిబట్టే ఉంటుంది. అంగన్‌వాడీలో బడికి కూర్చోబెట్టుకోవాలంటే పిల్లకు మూడేళ్లు రావాలి. ప్రైవేటు ప్లేస్కూళ్లు నడిచే పిల్లల్ని తీసుకుంటాయి, పాకే పిల్లను తీసుకునేది నాకు దగ్గరలో దొరకలేదు. అదృష్టం కొద్దీ మా వీధిలోనే ఒక పెద్దమ్మ ఉంది, అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసింది. ఎంతమంది పిల్లల్ని చూసిందో ఆమెకే లెక్క తెలియదు. నెలకు ఇంత అని మాట్లాడుకుని ఈ నెలంతా రోజూ కొంతసేపు పాపను అలవాటు చేస్తున్నాం. మొదట్లో పాప ఏడుపు రెండు ఇళ్ల అవతలకు వినపడింది. ఇప్పుడు ఆమె చంకనెక్కి నాకు టాటా చెబుతోంది. అది చూసి సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. పాపకు జావ, పప్పన్నం మొదలుపెట్టినా చనుబాలు ఆపలేదు. పాలు పిండి సీసాలో పెట్టి పోదామంటే ఈ ఎండల్లో బయట నిలవవు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఫ్రిజ్‌ను నమ్ముకోవడమూ కష్టమే. అందుకే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా షాపులో నేనుండను. నా దగ్గర కుట్టే అమ్మాయిలు ఉంటారు. కొలతలు, మోడల్ మాట్లాడాలంటే ఆ టైంలో రావద్దు. సాయంత్రం ఐదుకు మూసేస్తా.

పెద్దది ఈ జూన్ 12న ఒకటో తరగతిలో చేరుతోంది. వాళ్ల జేజి, అంటే మా అత్త, ఊరికి పోయినప్పటి నుంచి అది బాగా మారింది. రాత్రి పూట కథ చెప్పేది జేజే, అన్నం తినిపించేది జేజే. నేను చెబితే 'జేజి ఇట్ల చెప్పదు' అని పక్కకు తిరిగి పడుకుంటుంది. ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి ఊరికి వీడియో కాల్ చేస్తే అత్త ఫోన్‌లోనే కథ చెబుతుంది, పక్కన మామ ఊ కొడుతుంటాడు. ఆయనకు మాట తిరగడానికి అది కూడా మంచిదే అని డాక్టర్ అన్నాడట. ఆ టైంలో నాకు మెసేజ్ పెడితే జవాబు రాదు, ఫోన్ నా దగ్గర ఉండదు. బడి తెరిచిన వారం దాన్ని నేనే దింపి నేనే తెచ్చుకోవాలి. పన్నెండునే షాపు తెరవకుండా పద్దెనిమిది దాకా ఆగింది అందుకే.

ఆ తేదీకి ఇంకో కారణం పంచాంగం. ఈసారి అధిక జ్యేష్ఠం పడింది కదా, జూన్ 15 దాకా ముహూర్తాలు లేవు. 2023లో అధిక శ్రావణం వచ్చినప్పుడు కూడా సీజన్ అంతా ఇట్లాగే ఒక నెల వెనక్కి జరిగింది. టైలర్లందరూ ఈగలు తోలుకున్నారు, ఆ తర్వాత గిరాకీ అంతా ఒక్కసారిగా మీద పడింది. ఇప్పుడూ అంతే. నిజ జ్యేష్ఠం అంటే జూన్ 16 నుంచి జూలై మధ్య దాకా కొన్ని పెళ్లిళ్లుంటాయి. తర్వాత ఆషాఢం ఖాళీ. ఆగస్టు 13 నుంచి శ్రావణం, ఆ శుక్రవారాలకు అందరికీ కొత్త బ్లౌజు కావాలి. నాకు ఈ ఆషాఢం వరం. జూన్, జూలైల్లో మామూలు లైనింగ్ బ్లౌజులు, పిల్లల లంగాజాకెట్లు మాత్రమే తీసుకుంటా. పెళ్లికూతురి బ్లౌజులు, భారీ మగ్గం వర్క్ ఇప్పుడు ఒప్పుకోను. మరీ దగ్గరివాళ్లయినా అంతే. శ్రావణానికి మగ్గం వర్క్ కావాలంటే జూలై నెలాఖరులోపు గుడ్డ, ఆది జాకెట్టు ఇచ్చేయండి. ఆ పని పాతూరులో నాకు తెలిసిన వర్కర్లతో బయట చేయిస్తా, షాపులో మగ్గం ఫ్రేమ్ ఇక వేయను. బయట పని కాబట్టి ఖరీదు కొంచెం పెరుగుతుంది, డిజైన్ చూశాక చెబుతా. లైనింగ్ బ్లౌజు కుట్టుకూలీ 450 చేశాను. లైనింగ్ గుడ్డ మీరు తెచ్చుకున్నా అంతే, నా దగ్గర తీసుకుంటే దాని డబ్బులు వేరు.

తేదీ గురించి ఒక్క మాట. పుస్తకంలో రోజుకు ఇన్ని అని గీత గీసి పెట్టాను. ఆ పేజీ నిండితే తర్వాతి తేదీయే. 'వదినా, ఒక్కటే కదా, మధ్యలో దూర్చు' అంటే దూర్చను. ఆ ఒక్కటి కోసం నాకన్నా ముందు లేవాల్సింది నా దగ్గర చేసే అమ్మాయి. ఆమె ఊరి నుంచి పల్లెవెలుగులో రావాలి. పోయిన ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆమెకు నెలకు మిగిలేది చిన్న మొత్తం కాదు, కానీ పొద్దున బస్సులో కాలు పెట్టే చోటుండదట. షాపు పదిన్నరకు తెరిచేది అందుకూ.

విత్తనం పని మొదలయ్యే నెల ఇది. వేరుశనగ బుడ్డలకు, ఎరువులకు పోగా ఇళ్లల్లో చేతిలో డబ్బులుండవని నాకు తెలుసు, మాదీ ఆ మట్టి తినే ఇల్లే. కాబట్టి అడ్వాన్సు సగం అడగను, వంద ఇచ్చి గుడ్డ పెట్టిపోండి. మిగతాది బ్లౌజు తీసుకునేటప్పుడు పూర్తిగా ఇవ్వండి, అప్పు మాత్రం రాయను. కాన్పుకు ముందు కుట్టకుండా ఉన్న గుడ్డలు, వాటి అడ్వాన్సులు అప్పుడే వెనక్కి ఇచ్చేశాను. కుట్టి రెడీగా ఉండి ఎవరూ తీసుకెళ్లని బ్లౌజులు, ఫాల్ వేసిన చీరలు కొన్ని బీరువాలో ఉన్నాయి. చీటీలు అట్లాగే ఉన్నాయి. మీదేమో అనుకుంటే ఫొటో అడగండి, పెడతాను. ఒక ఆకుపచ్చ గద్వాల చీర ఎవరిదో నాకూ అంతుపట్టడం లేదు. చీటీ ఊడిపోయింది, కొంగు ఎట్లుంటుందో సరిగ్గా చెప్పినవాళ్లదే ఆ చీర.

హోం డెలివరీ ఇక లేదు. ఆదివారం సెలవు, ఆ ఒక్కరోజు మా ఆయన ఇంట్లో ఉంటాడు. దయచేసి చీరలు మా ఇంటికి తేకండి. మా ఇల్లు మీకు తెలిసినా, వాకిట్లో చెప్పులు కనపడుతున్నా, పాప పడుకుని ఉంటే నేను తలుపు తీయను. తిట్టుకున్నా పర్లేదు, షాపుకొచ్చి తిట్టండి.