మిగిలిన కణితి సంగతి కాగితం మీద రాసివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

మెదడులో కణితికి ఆపరేషన్ చేయించుకుని, "కొంచెం మిగిలింది, క్యాన్సర్ కాదు, భయపడకండి" అన్న మాటతో ఇంటికి వచ్చిన వాళ్ల గురించి రాస్తున్నాను. మా అక్క అలాగే వచ్చింది. ఆమెది మెనింజియోమా, అంటే మెదడును కప్పి ఉండే పొరల్లో పుట్టే కణితి. కంటి నరాన్ని అంటుకున్న ముక్కను సర్జన్ కదిలించలేదు. చూపు కాపాడటానికే అలా వదిలేశారు, అది సరైన పనేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆ తర్వాతే టెన్షన్ మొదలైంది. ఒక డాక్టరు వెంటనే రేడియేషన్ పెట్టించమన్నారు, ఇంకొకరు ఇప్పుడే వద్దు, చూద్దాం అన్నారు. ఇద్దరూ తప్పు చెప్పలేదని తెలుసుకోవడానికి మాకు చాలా రోజులు పట్టింది. కణితి ఎంత చురుగ్గా పెరిగే రకమో గ్రేడుతో చెబుతారు. అన్నిటికంటే తక్కువదైన గ్రేడ్ 1 కణితి చాలామందిలో నెమ్మదిగా పెరుగుతుంది, కొందరిలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అయితే మిగిలిన భాగం ఎక్కువైన కొద్దీ మళ్లీ పెరిగే అవకాశమూ ఎక్కువే. ఈ సంగతి 1957లో సింప్సన్ అనే సర్జన్ రాసినప్పటి నుంచీ వైద్యులకు తెలుసు. రేడియేషన్ ఆ పెరుగుదలను చాలావరకు ఆపుతుంది. కానీ మెదడు కింద ఉండి హార్మోన్లను విడుదల చేసే పిట్యూటరీ గ్రంథి, చూపు, జ్ఞాపకశక్తి దెబ్బతినే ప్రమాదం ఉంది, ఆ దెబ్బ ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. డెబ్బై ఏళ్ల మనిషికీ ముప్పై అయిదేళ్ల మనిషికీ ఈ లెక్క ఒకటి కాదు. చిన్న వయసు వాళ్లకు కణితి పెరగడానికీ, రేడియేషన్ దుష్ఫలితాలు కనబడటానికీ కూడా ముందు చాలా కాలం ఉంటుంది. గ్రేడ్ 2 అయితే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ముక్క మిగిలితే రేడియేషన్ వైపే మొగ్గుతారు. మా అక్కది ఏ గ్రేడో బయాప్సీ రిపోర్టులో ఉంది. మాకు ఎవరూ చదివి చెప్పలేదు.

మేము "చూద్దాం" అన్న మాటనే పట్టుకున్నాం. ఎప్పుడు చూడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండేళ్ల తర్వాత తలనొప్పి వస్తే ఎమ్మారై తీయించాం. కణితి పెరిగిందా అని అడిగితే జవాబు లేదు. ఆపరేషన్ అయిన కొత్తలో తీసిన స్కాన్ ఒక్కటీ లేదు, ఇక దేనితో పోల్చి చెబుతారు? మందు ఇవ్వకుండా కనిపెట్టి ఉండటమూ వైద్యమే. తేదీలు లేకపోతే అది రోగిని వదిలేయడమే అవుతుంది.

అందుకే ఆరోగ్య శాఖను, ఆస్పత్రులను నేను అడిగేది ఇది. కణితి కొంత మిగిల్చి డిశ్చార్జి చేసే ప్రతి మనిషికీ ఎంత మిగిలింది, ఎక్కడ మిగిలింది, ఏ గ్రేడు, పోల్చుకోవడానికి మొదటి స్కాన్ ఎప్పుడు, ఆ తర్వాతది ఎప్పుడు అన్నది వాళ్ల భాషలో రాసివ్వాలి. సర్జన్, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చుని ఒకేసారి మాట్లాడాలి. ఎంత పెరిగితే రేడియేషన్ మొదలుపెడతారో కూడా ముందే చెప్పాలి. స్కానింగ్‌కు రాని వాళ్లకు ఫోన్ చేసి పిలవాలి.

మా అక్క ఇప్పుడు ఆరు నెలలకోసారి స్కానింగ్‌కు వెళ్తోంది. తేదీలు నేనే గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెడుతున్నాను.

— ఒక పాఠకురాలు