ఓపీ చీటీలో పని గడి ఏది?

సంపాదకుడు గారికి,

బొగ్గును గ్యాస్‌గా, ఆ గ్యాస్‌ను మిథనాల్‌, డీజిల్‌ వంటివిగా మార్చే ప్లాంట్ల కోసం కేంద్రం 2024 జనవరిలో రూ.8,500 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించింది. బొగ్గు గనుల్లేని తిరుపతి వాళ్లకు ఈ గొడవ ఎందుకంటారేమో. గనుల్లేవు గానీ మనుషులున్నారు. రేణిగుంట, ఏర్పేడు వైపు ఐటీఐ చేసిన ఫిట్టర్లు, వెల్డర్లు షట్‌డౌన్ పనులకని, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకని, రైలెక్కి ఎక్కడెక్కడికో పోతుంటారు.

మా మేనల్లుడు అలాగే ఒడిశాలో ఒక బొగ్గు గ్యాస్ ప్లాంటుకు నలభై రోజులు వెళ్లొచ్చాడు. గ్యాస్ చల్లబడే చోట పైపుల్లో పేరుకున్న తారు గీకే పని. భోజనానికి ఎండలోకి వస్తే ముంజేతులు, మెడ కారం పూసినట్టు మండేవట. తారు అంటిన చర్మానికి ఎండ పడదు. ఆ పని బట్టలు, డాంగ్రీలు, ఇంటికి తెస్తే మా అక్క పిల్లల బట్టలతో పాటే బకెట్లో నానేసింది. ఇక్కడ ఆసుపత్రిలో చూపిస్తే ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. ఓపీ చీటీలో పేరుంది, వయసుంది, ఊరుంది. ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదు.

అడగాల్సిన ప్రశ్న అదే. పొగగొట్టాల్లో మసి శుభ్రం చేసేవాళ్లకు వచ్చే క్యాన్సర్‌కు ఆ మసే కారణమని ఇంగ్లండ్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాశాడు. 1950ల్లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో బొగ్గును ద్రవంగా మార్చే ప్లాంటు నడిచింది. అక్కడి 359 మంది కార్మికులను పరీక్షిస్తే చర్మ క్యాన్సర్లు మామూలు జనంలో కంటే ఎన్నో రెట్లు కనిపించాయి. ఆ ప్లాంటు యూనియన్ కార్బైడ్‌ది. అవునండీ, భోపాల్ కార్బైడే. బొగ్గు తారులోని బెంజోపైరీన్ లాంటి పదార్థాలు చర్మం గుండా, ఊపిరి గుండా లోపలికి పోతాయి. జబ్బు బయటపడేది మాత్రం ఏళ్ల తర్వాత. అప్పటికి కాంట్రాక్టరు ఎవరో, గేట్‌పాస్ ఎక్కడుందో!

ప్రమాదకర పనులు చేసేవారి ఆరోగ్య రికార్డు ఉంచాలని, దాన్ని కార్మికులకు అందుబాటులో పెట్టాలని భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు. నలభై రోజుల కాంట్రాక్టు కూలీకి ఆ రికార్డు ఎవరు రాస్తారు? పని ముగిశాక ఏ తారులో, ఎన్ని రోజులు పనిచేశాడో రాసిన కాగితం ఒకటి అతని చేతికివ్వాలి. ఇక్కడ రుయాలో, స్విమ్స్‌లో చీటీ రాసేటప్పుడు పని గురించి ఒక గడి పెట్టాలి. దీనికి కోట్లు అక్కర్లేదు.

ఉగాది దాటాక మళ్లీ షట్‌డౌన్ ఉందని మేనల్లుడికి మేస్త్రీ ఫోన్ చేశాడు. బట్టలు అక్కడే ఉతికిస్తారేమో కనుక్కోరా అన్నాను. "అడిగితే ఇంకొకణ్ణి పిలుచుకుంటాడు మామా" అన్నాడు.

- ఒక పాఠకుడు, రేణిగుంట